డ్రైనేజీ రాలేదని ఇంటిపన్ను ఆపారా?

ఈ మధ్య నా టేబుల్ మీదికి వచ్చిన ఫైళ్ళలో మూడో వంతు మురుగు కంపే. ఊళ్ళు వేరు, వీధులు వేరు, కథ ఒకటే. ఇంటిముందు భూగర్భ డ్రైనేజీ (యూజీడీ) పైపు వేశారు, రోడ్డు తవ్వి వదిలేశారు, ఇంటికి కనెక్షన్ ఇవ్వలేదు. బిల్లులో మాత్రం ‘సీవరేజ్ ఛార్జీ’ అని ఒక గడి చేరింది. ఇంటాయనకు ఒళ్ళు మండింది. మండటంలో తప్పు లేదు. మండినాక చేసిన పని దగ్గరే తప్పంతా ఉంది. ఆ ఒక్క ఛార్జీ మీద కోపంతో మొత్తం ఇంటిపన్నే కట్టడం మానేశారు.

ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో ఇంకో రెండుసార్లు చెబుతాను, విసుక్కోకండి: డ్రైనేజీ రాలేదని ఇంటిపన్ను ఆపకండి.

చివరిగా వచ్చిన కేసు ఒక రిటైర్డ్ మాస్టారిది. ఊరు కృష్ణా జిల్లా వైపు ఒక మున్సిపాలిటీ. బట్టల షాపు కవరు నిండా కాగితాలు తెచ్చి బల్ల మీద బోర్లించారు. కరెంటు బిల్లులు, మనవడి ప్రోగ్రెస్ రిపోర్టు, సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన మూడు రసీదు స్లిప్పులు, వాటి అడుగున ఎర్ర అక్షరాల నోటీసు. నాలుగేళ్ళుగా పన్ను కట్టలేదు.

“అమ్మా, వాళ్ళు డ్రైనేజీ ఇవ్వరు. నేను పన్నెందుకు కట్టాలి?”

“మాస్టారూ, లైబ్రరీకి ఎప్పుడు వెళ్ళారు చివరిసారి?”

ఆయన బిత్తరపోయారు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడతాం, పన్ను రూపాయికి 8 పైసలు. లైబ్రరీ గడప తొక్కనివాళ్ళూ కడుతున్నారు. నేను పుస్తకం తీసుకోలేదు కాబట్టి ఎనిమిది పైసలు తగ్గించండి అని ఎవరూ అడగరు. పన్ను అంటే అదీ. ఊరికోసం ఊరంతా కట్టేది. మీకు విడిగా ఏం ఒరిగింది అన్న లెక్క దానికి లేదు. ఫీజు, ఛార్జీ అలా కాదు. మీకు చేసిన పనికి మీ దగ్గర తీసుకునేది. ఈ తేడాను సుప్రీంకోర్టు 1954లోనే శిరూరు మఠం కేసులో విడమరిచి చెప్పింది. తర్వాత తర్వాత కొంత సడలించింది కూడా. మన రాష్ట్రంలోని మార్కెట్ యార్డుల ఫీజు మీద 1983లో వచ్చిన తీర్పులో, ఇచ్చిన ప్రతి రూపాయికీ తూకం వేసినట్టు సేవ చూపించనక్కర్లేదు, మొత్తమ్మీద సంబంధం కనిపిస్తే చాలు అంది. కాబట్టి ‘నా యాభై రూపాయలకు యాభై రూపాయల మురుగు తీయలేదు’ అనే వాదన నిలవదు. అసలు కనెక్షనే లేదనడం వేరే సంగతి.

ఇప్పుడు ఊరు మీ దగ్గర మురుగు పేరుతో ఎన్ని దారుల్లో వసూలు చేస్తుందో చూడండి. మొదటిది ఇంటిపన్నులోనే కలిసిపోయి ఉంటుంది. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం 85వ సెక్షన్ చదివితే, ఆస్తి పన్ను అనేది ఒకటే ముద్ద కాదని తెలుస్తుంది. సాధారణ అవసరాల పన్ను, నీటి–డ్రైనేజీ పన్ను, వీధి దీపాల పన్ను, పారిశుద్ధ్య పన్ను అన్నీ అందులో ఉండొచ్చు. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రాలో అద్దె విలువ పోయి మూలధన విలువ మీద లెక్క వచ్చింది. అయినా అది పన్నే. మీ ఇంటికి కనెక్షన్ ఉందా లేదా అని అది చూడదు.

రెండోది ఒక్కసారి కట్టేది: కనెక్షన్ డిపాజిట్, రోడ్డు కటింగ్ ఛార్జీ. ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. మున్సిపాలిటీలో తిరిగే ప్లంబరు చేతిలో నోట్లు పెట్టి రాత్రికి రాత్రి పైపు కలిపించుకున్నవాళ్ళు, రసీదు లేకపోతే రికార్డులో మీది అక్రమ కనెక్షనే. ఆ ప్లంబరు తర్వాత ఫోను ఎత్తడు.

మూడోది నెలనెలా వచ్చే యూజర్ ఛార్జీ. గొడవంతా దీని దగ్గరే.

“సెంట్రల్ గవర్నమెంట్ డబ్బులు వచ్చాయి కదండీ, మళ్ళీ మేమెందుకు కట్టాలి” అని అడిగేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. కేంద్రం తెచ్చిన అమృత్ పథకం రెండో విడతలో లక్ష లోపు జనాభా ఉన్న ఊళ్ళకు పని ఖర్చులో సగం, లక్ష నుంచి పది లక్షల దాకా మూడో వంతు, పది లక్షలు దాటితే పాతిక శాతం కేంద్రం ఇస్తుంది. అది పైపులు, ప్లాంట్లు కట్టేందుకు. మోటారు తిరగడానికి కరెంటు, మ్యాన్‌హోల్ తీయడానికి మెషీను, మనుషుల జీతాలు ఊరే చూసుకోవాలి. ఇది అధికారుల తరఫున చెప్పాల్సి రావడం నాకు ఇష్టం లేదు గానీ, నిజం.

హైదరాబాద్ పాఠకులకు ఈ మూడో దారి ఇంకోలా ఉంటుంది. అక్కడ మున్సిపాలిటీ కాదు, జలమండలి. 1989 చట్టంతో వచ్చిన బోర్డు. నీటి బిల్లులో 35 శాతం సీవరేజ్ సెస్సు కలిపి వేస్తుంది. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్ళ పథకం కింద నమోదు చేయించుకోకుండా, ‘నీళ్ళు ఫ్రీ అన్నారుగా’ అని బిల్లులు చెత్తబుట్టలో పడేసినవాళ్ళకు నీటి ఛార్జీతో పాటు ఈ 35 శాతమూ పేరుకుంది. మళ్ళీ అదే జబ్బు.

మాస్టారి లెక్కకు వద్దాం. ఏడాదికి పన్ను 9,600. అర్ధ సంవత్సరానికి 4,800. నెలకు 50 చొప్పున మురుగు ఛార్జీ, నాలుగేళ్ళకు 2,400. ఆయన పోట్లాడింది ఈ 2,400 కోసం. ఆపింది 38,400. గడువు దాటిన పన్ను మీద నెలకు 2 శాతం వడ్డీ. నెలకు అన్నాను, ఏడాదికి కాదు. ఏడాదికి 24 అవుతుంది, ఊళ్ళో చిట్టీల వడ్డీ వ్యాపారి కూడా ఆయనకు అంతకంటే తక్కువకే ఇచ్చి ఉండేవాడు. ఎనిమిది వాయిదాలు, ఒక్కో వాయిదా ఎన్ని నెలలు ఆగిందో వేలు మడిచి లెక్కపెడితే 192 నెలలు. వడ్డీ 18,432 రూపాయలు.

ఆ కాగితం ఆయన చాలాసేపు చూశారు. లెక్కల మాస్టారే.

ఇంకోటి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రిబేటు ఇస్తారు. ఆయనకు ఏటా 480 మిగిలేది. ఆయన గొంతు చించుకున్న మురుగు ఛార్జీ ఏడాదికి 600.

అధికారులు మాత్రం తక్కువ తిన్నారా? బిల్లులో గడి చేర్చినవాళ్ళు కనెక్షన్ ఉందో లేదో వీధిలోకి వచ్చి చూడలేదు. కాంట్రాక్టరు పని పూర్తయిందని రాసిచ్చాడు, ఇంజినీరింగు సెక్షను సంతకం పెట్టింది, రెవెన్యూ సెక్షను బిల్లు కొట్టింది. ఆ రెండు సెక్షన్ల మధ్య గోడ ఒక్కటే, తలుపు కూడా ఉంది. మాస్టారు సోమవారం సోమవారం వెళ్ళి అర్జీ ఇస్తే ‘సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు మెసేజి పంపారు. ఏం పరిష్కరించారని నేను అడిగితే, వీధిలో బ్లీచింగ్ పౌడరు చల్లామన్నారు.

అయితే ఆ మూడు అర్జీలూ తిరగేసి చదివాను. ‘మా వీధిలో మురుగునీరు నిలిచి దోమలు పెరుగుతున్నవి, తగు చర్య తీసుకోగలరు.’ మూడింటిలోనూ అంతే. బిల్లు మాట లేదు, అసెస్‌మెంట్ నంబరు లేదు, ఛార్జీ రద్దు చేయమన్న కోరిక లేదు. ఫిర్యాదు వేరు, అభ్యంతరం వేరు. దోమల మీద ఇచ్చిన కాగితం డిమాండ్ నోటీసుకు జవాబు కాదు. కమిషనర్ నంబరుకు వాట్సాప్‌లో మ్యాన్‌హోల్ ఫొటో పెట్టి నమస్కారం గుర్తు జోడించడం అసలే కాదు. నోటీసు మీద ఇన్ని రోజుల్లో అభ్యంతరం తెలపాలని రాసి ఉంటుంది. ఆ రోజులు దాటితే మీ వాదన ఎంత న్యాయమైనా దాన్ని వినే కుర్చీ ఖాళీ అయిపోతుంది. నోటీసు అంటే అందరూ చివరి అంకె చూసి మడిచేస్తారు. గడువు ఎక్కడ రాశారో వెతకండి.

కాబట్టి రెండోసారి: ఇంటిపన్ను ఆపకండి. కట్టండి, కట్టి పోట్లాడండి. ఆన్‌లైన్‌లో కడితే అభ్యంతరం రాసే చోటు ఉండదు. అందుకని అదే రోజు ఒక కాగితం రాయండి. అసెస్‌మెంట్ నంబరు, కట్టిన రసీదు నంబరు, ‘మా ఇంటికి సీవరేజ్ కనెక్షన్ ఇవ్వనందున ఈ ఛార్జీ వర్తించదు, అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను, రద్దు చేసి సర్దుబాటు చేయగలరు’ అని నాలుగు వాక్యాలు చాలు. ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి, జిరాక్స్ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. గుమాస్తా ముద్ర వేయనంటే వాదించకండి, స్పీడ్ పోస్టులో పంపి ఆ చీటీ దాచుకోండి. అలా కట్టిన డబ్బు చట్టప్రకారం రావాల్సింది కాదని తేలితే వెనక్కి అడిగే హక్కు మీకు ఉంటుంది. నోరుమూసుకుని కట్టినవాడికి ఆ దారి కష్టం, కట్టనివాడికి ఇంకా కష్టం.

ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయలు. కౌన్సిల్ ఈ ఛార్జీ వేస్తూ చేసిన తీర్మానం కాపీ అడగండి. అందులో ఒక్క మాట మీద మీ కేసంతా నిలబడుతుంది. ‘కనెక్షన్ ఇచ్చిన గృహముల నుండి’ అని ఉందా, ‘లైను వేసిన వీధులలోని గృహముల నుండి’ అని ఉందా? మొదటిదైతే మీ చేతిలో ఆయుధం ఉంది. రెండోదైతే తీర్మానాన్నే సవాలు చేయాలి, అది హైకోర్టు పని, ఖర్చు చూసుకుని దిగండి. ఇంకో సంగతి మరవకండి. వీధిలో లైను నిజంగా పనిచేస్తుంటే, మీ ఇంటి మురుగు దాంట్లో కలపమని నోటీసు ఇచ్చే అధికారం మున్సిపాలిటీకి ఉంది, ఆ ఖర్చు మీదే. నాకు సెప్టిక్ ట్యాంకు ఉంది, మీ లైను నాకొద్దు అనడం కుదరదు.

మాస్టారి ఊళ్ళో తీర్మానం మొదటి రకం. ఛార్జీ వరకే విడదీసి శాశ్వత లోక్ అదాలత్‌లో వేశాను. ప్రజా ఉపయోగ సేవల్లో పారిశుద్ధ్య వ్యవస్థ కూడా ఉంది, కోర్టు ఫీజు లేదు, కోటి రూపాయల దాకా వివాదం వినగలరు, రాజీ కుదరకపోతే వాళ్ళే తేల్చి అవార్డు ఇవ్వగలరు. ఒకటే షరతు, అప్పటికే వేరే కోర్టుకు ఎక్కి ఉండకూడదు. జనం ఈ మెట్టు వదిలేసి ఎందుకు ఎక్కడెక్కడో తిరుగుతారో నాకు అర్థం కాదు.

అక్కడ మున్సిపాలిటీ తరఫున వచ్చిన అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) పెద్ద మ్యాపు పరిచారు. మాస్టారి ఇంటి నంబరు దగ్గర ఆకుపచ్చ చుక్క. కనెక్షన్ ఉన్నట్టు. సరే, వెళ్ళి చూద్దాం అన్నాను. ఒక శనివారం పొద్దున గేటు ముందు చాంబర్ మూత ఇనుప కడ్డీతో లేపారు. లోపల తడి లేదు. పైపు నోట్లో సిమెంటు బస్తా గోతం కుక్కి ఉంది, కాంట్రాక్టరు మనుషులు పని రోజున కుక్కింది అలాగే. అడుగున ఎండిన మట్టి, ఒక రబ్బరు బంతి. ఎదురింటి పిల్లాడు పరుగెత్తుకొచ్చి బంతి తీసుకుపోయాడు. ఏఈ గారు మ్యాపు మడిచారు.

ఛార్జీ రద్దయింది. కనెక్షన్ ఇచ్చిన తేదీ నుంచే వేయాలని రాసుకున్నారు.

పన్ను మీద వడ్డీ? అది లోక్ అదాలత్ ముందు లేదు, ఉన్నా పోయేది కాదు. 2025 మార్చి చివర్లో ప్రభుత్వం బకాయి మొత్తం ఒకేసారి కడితే వడ్డీలో సగం మాఫీ అని జీవో ఇచ్చింది కాబట్టి మాస్టారు 9,216తో బయటపడ్డారు. ‘కేసు తేలాక కడతానమ్మా’ అంటుంటే నేను కేకలేసి, కూతురి చేత డబ్బు వేయించి కట్టించాను. అది అదృష్టం, హక్కు కాదు. హైదరాబాద్‌లో వడ్డీ మీద 90 శాతం మాఫీ ఇచ్చిన సందర్భాలున్నాయి. అవి చూసి ఏటా మార్చి దాకా మాఫీ కోసం ఎదురుచూసే క్లయింట్లు నాకు అరడజను మంది ఉన్నారు. మాఫీ రాని ఏడాది జప్తు నోటీసు వస్తుంది. పైగా ఈ బకాయి ఇంటి మీద మొదటి భారం, ఇల్లు అమ్మినా ఇంటితోనే పోతుంది. కొనేవాళ్ళు బకాయిలు లేవన్న కాగితం అడగకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

పొంగే మ్యాన్‌హోల్ సంగతి అడుగుతారు. దానికి పన్ను ఆపడం మందు కాదని మూడోసారి చెప్పాను, లెక్క సరిపోయింది. మందు వేరే ఉంది. 1980లో రత్లాం మున్సిపాలిటీ మా దగ్గర డబ్బు లేదు అంటే సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. జనం ఆరోగ్యం విషయంలో నిధుల్లేవన్న సాకు చెల్లదని కాలువలు కట్టమన్నారు. ఆ కేసు మొదలైంది మేజిస్ట్రేటు ముందు, వీధివాళ్ళు ఇచ్చిన దరఖాస్తుతో. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షనే ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152. వీధిలో పదిమంది సంతకాలు పెట్టి, ఫొటోలు జతచేసి ఆర్డీవోకు ఇవ్వండి. ఒక్కటి మాత్రం చేయకండి. విసిగిపోయి అయిదొందలిచ్చి ఎవరినో మ్యాన్‌హోల్‌లోకి దింపకండి. మనుషుల చేత మురుగు తీయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం దింపినవాళ్ళకు మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు.

మొన్న ఏప్రిల్‌లో మాస్టారు మళ్ళీ వచ్చారు. కొత్త బిల్లులో యాభై రూపాయల గడి మళ్ళీ ఉంది, కంప్యూటర్లో తీసేయడం మరిచారట. నేను నోరు తెరిచేలోపే కవర్లోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి రిబేటు పోను పన్ను కట్టిన రసీదు. రెండోది అభ్యంతరం, దాని మీద ఇన్‌వార్డ్ ముద్ర. “తేదీ కనపడుతోందా అమ్మా? సరిగ్గా పడలేదని రెండుసార్లు వేయించాను,” అన్నారు.