తెరమీది వంటయు మన యింటి పంక్తియు

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 10:9–29, 11:1–3
కలిపి చదువవలసినవి: సంఖ్యాకాండము 11:4–6, సామెతలు 15:17, గలతీయులకు 2:11–14, యోహాను 21:9–13



పొలము పనులు, మగ్గము పనులు ముగిసిన తరువాత రాత్రివేళ మన యిండ్లలో కుటుంబమంతయు కూర్చుండి చూచువాటిలో వంటల కార్యక్రమములు ముఖ్యమైనవి. ఒకరు బిరియాని వండి చూపుదురు. మరియొకరు ఊరూరు తిరిగి, అక్కడివారు పెట్టినది తిని, రుచి ఎట్లున్నదో చెప్పుదురు. టీవీ లేనివారు సెల్ ఫోనులో చూచుచున్నారు. "అయ్యగారూ, ఇది కాలము వ్యర్థపరచుట కాదా?" అని పెద్దలు అడుగుచున్నారు. "చూచినంత మాత్రమున తప్పేమి?" అని పడుచువారు అడుగుచున్నారు. రెండు ప్రశ్నలును అడుగదగినవే. ఈ మాసపు పాఠములో వాటిని విచారింతము.

1. ఈ సంతోషము మంచిదే

మన దేశములో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆరంభమైనది. 1975 ఆగస్టు మొదలుకొని ఒక సంవత్సరము, ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ప్రసారములు పంపిరి. ఆంధ్రప్రదేశ్ పల్లెలును వాటిలో ఉండెను. ఊరివారు ఒక్క పెట్టె ముందర కూడి సేద్యమును, ఆరోగ్యమును, పౌష్టికాహారమును గూర్చి విని నేర్చుకొనిరి. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము వచ్చెను. 1993లో సంజీవ్ కపూర్ గారి 'ఖానా ఖజానా' హిందీలో మొదలై అనేక సంవత్సరములు నడిచెను. తెలుగులో ఈటీవీవారి 'అభిరుచి' ఇంటింట పేరు పొందెను. 2015లో ఆ పేరుతోనే వంటలకు ప్రత్యేకముగా ఒక ఛానలు వెలసెను.

నారాయణపేట దాటి ఎన్నడును దూరదేశము వెళ్లని ఒక తల్లి నేడు తన యింటిలో కూర్చుండి కేరళవారు కొబ్బరితో కూర వండు విధమును, కాశ్మీరువారు పెండ్లి విందు వడ్డించు విధమును చూచుచున్నది. ఇట్లు చూచుట వలన "వారును మనవలె పొయ్యి రాజేసి, పిల్లల ఆకలి తీర్చువారే" అను తెలివి కలుగును. భూమిమీద ఇన్ని ధాన్యములను, ఇన్ని కూరలను, ఇన్ని రుచులను కలుగజేసినవాడు దేవుడే. వాటిని చూచి సంతోషించుట పాపము కాదు.

2. తెర చూపనిది కొంత కలదు

అయితే తెర అన్నియు చూపదు. ఉల్లిగడ్డలు, కొత్తిమీర ముందుగానే ఎవరో తరిగి చిన్న గిన్నెలలో అమర్చియుంచుదురు. గంటసేపు ఉడుకవలసిన మాంసము వేరొక పాత్రలో ముందే ఉడికి సిద్ధముగా నుండును. నడుమ గడచిన సమయమును కత్తిరించి తీసివేయుదురు. గిన్నెలు తోమినవారు మనకు కనబడరు. సరుకులకు ఎంత ఖర్చైనదో చెప్పువారు అరుదు. కావున అయ్యలారా, "టీవీలో పావుగంటలో ఐపోయినది, నీకు రెండు గంటలు ఏల?" అని ఇంటి ఇల్లాలిని అడుగకుడి. అక్కడ పదిమంది చేసిన పనిని ఇక్కడ ఆమె ఒక్కతె చేయుచున్నది.

ఇశ్రాయేలీయులు అరణ్యములో ఐగుప్తు ఆహారమును తలంచుకొని ఏడ్చిరి. చేపలు, దోసకాయలు, ఉల్లి, వెల్లుల్లి వారి కన్నులకు కట్టినట్లుండెను. అవి ఉచితముగా దొరికినవని కూడ చెప్పుకొనిరి. ఇటుకల పనియు, కొరడా దెబ్బలును వారి జ్ఞాపకములోనుండి జారిపోయెను. వంటకము కనబడెను, దాని వెల కనబడలేదు. మన పాలమూరునుండి బొంబాయికి, పూనాకు వలసపోయి మేడలు కట్టినవారు మూడు రాళ్ల పొయ్యిమీద రొట్టె కాల్చుకొని తినిరి. ఏదైన గొప్ప హోటలును తెరమీద చూచునప్పుడు, అట్టి కట్టడములకు ఇటుకలు మోసినవారిని తలంచుకొనుడి.

ఇంకొక హెచ్చరిక. తెరను చూచుచు తినువానికి ఎంత తిన్నాడో తెలియదు. షుగరు వ్యాధి గలవారు రాత్రివేళ మిఠాయిల వంటలు చూచుచు చేయి డబ్బాలో పెట్టుట వారి ప్రాణమునకే హాని.

3. మన రొట్టెను హీనముగా ఎంచవద్దు

మన ప్రాంతపు ఆహారము జొన్నరొట్టె, సజ్జరొట్టె, అంబలి, పుంటికూర, పచ్చిపులుసు, పల్లికారము. 1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చిన తరువాత పేదల యిండ్లలో వరి అన్నము దినదిన భోజనమాయెను. 2025 ఉగాది మొదలుకొని రేషను దుకాణములలో సన్న బియ్యము ఇచ్చుట మన రాష్ట్రములో ఆరంభించిరి. ఇందు నిమిత్తము కృతజ్ఞత చెల్లింపవలెను. అయితే బియ్యము వచ్చుటతో జొన్న తగ్గెను, జొన్న తినుట పేదతనమునకు గుర్తు అను సిగ్గును పుట్టెను. రొట్టె గల డబ్బాను బడిలో తెరువక దాచుకొను పిల్లలున్నారు.

ఐక్యరాజ్య సమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. ఆ ప్రతిపాదన మన దేశమువారు చేసినదే. ఇప్పుడు పెద్ద వంటవారు తెరమీద జొన్నరొట్టె చేసి, ఇది ఆరోగ్యమునకు మేలని చెప్పుచున్నారు. టీవీ చెప్పిన తరువాతనే మన అవ్వల చేతివంటకు విలువ కలుగవలెనా? వేడినీళ్లతో పిండి కలిపి, పగులు రాకుండ అరచేతితో తట్టి, పెనముమీద వేసి, తడిగుడ్డతో తుడిచి కాల్చుట ఒక గొప్ప విద్య. దానిని కుమార్తెలకే గాక కుమారులకును నేర్పుడి. ప్రేమగల చోట ఆకుకూరల భోజనమే పగగల యింటి మాంసపు విందుకంటె శ్రేష్ఠమని జ్ఞాని చెప్పినదాని భావమును పిల్లలకు వివరించుడి.

4. పొయ్యి ముందర ఇద్దరు వృద్ధులు

గుంటూరు జిల్లాలో తెనాలి దగ్గరి గుడివాడ గ్రామమున మస్తానమ్మ అను వృద్ధురాలు ఉండెను. యౌవనములోనే విధవరాలై, కూలి పనిచేసి బ్రతికినది. తన వయస్సు నూరేండ్లు దాటినదని చెప్పెడిది. 2016లో ఆమె బంధువైన యువకుడొకడు తన స్నేహితునితో కలిసి ఆమె వంటను చిత్రించి, 'కంట్రీ ఫుడ్స్' అను పేరుతో యూట్యూబులో పెట్టిరి. ఆరుబయట కట్టెల పొయ్యి, నేలమీద ఆమె పీట, అంతే. పుచ్చకాయలో ఆమె వండిన కోడికూరను లోకమంతయు చూచెను. 2018 డిసెంబరులో ఆమె చనిపోవునప్పటికి ఆమె వంటలను అనుసరించువారు పదిలక్షలకు మించియుండిరి.

మన తెలంగాణకు చెందిన నారాయణ రెడ్డి గారు 2017 మొదలుకొని 'గ్రాండ్‌పా కిచెన్' అను పేరుతో పెద్ద పెద్ద పాత్రలలో వండి, ఆ ఆహారమును అనాథ బాలబాలికలకు పెట్టించిరి. చూచినవారు పంపిన ధనమును అందుకు తోడ్పడెను. 73 ఏండ్ల వయస్సున 2019 అక్టోబరు 27న ఆయన గతించిరి. ఆయన వంట కెమెరాతో ముగియలేదు, ఆకలిగొన్న పిల్లల విస్తరిలో ముగిసెను. అందుచేత ఆయన కార్యక్రమము జ్ఞాపకముంచుకొనదగినది.

ఇప్పుడు ఒక మాట అడుగుదును. మస్తానమ్మ వంటను చూచి లొట్టలు వేసిన లక్షలమందిలో ఎంతమంది ముందుగా ఆమె కులమేదని విచారించిరి? తెరమీద అందరి వంటయు మనకు ఇంపుగానే యుండును. తెర ఇవతల, మన ఊరిలో, మన వీధిలో సంగతి ఎట్లున్నది?

5. పేతురు చూచిన ఆహారము

పేతురు యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట దిగియుండెను. తోలు పని చేయువారి యింటిని యూదులు తక్కువగా చూచెడివారు. మధ్యాహ్నవేళ మిద్దెమీద ప్రార్థించుచుండగా అతనికి ఆకలి వేసెను. క్రింద భోజనము సిద్ధపరచుచుండిరి. ఆ ఆకలివేళలోనే దేవుడు అతనికి ఆకాశమునుండి దిగివచ్చు దుప్పటిలో నానావిధ జంతువులను చూపి, చంపి తినుమని చెప్పెను. మూడుమారులు అట్లు జరిగెను. పేతురు దానిలో ఒక్క ముక్కయైనను తినలేదు. మరి అది ఎందుకు చూపబడెను? అంతలోనే వాకిట ముగ్గురు మనుష్యులు నిలిచి అతని పేరు అడుగుచుండిరి. మరునాడు అతడు బయలుదేరి, ఆ మరునాడు అన్యుడైన కొర్నేలి యిల్లు ప్రవేశించెను. ఏ మనుష్యునిని అపవిత్రుడని అనకూడదని అతడు గ్రహించెను. ఆహారమును చూపి దేవుడు అతనిని ఒక గడప దాటించెను.

యెరూషలేము సహోదరులు అతనిని తప్పుపట్టినప్పుడు ప్రసంగమును తప్పుపట్టలేదు. వారితో కలిసి భోజనము చేసితివే అని తప్పుపట్టిరి. తరువాత అంతియొకయలో కొందరికి భయపడి పేతురే పంక్తినుండి వెనుకతీసెను. పౌలు అందరియెదుట అతనిని గద్దించెను. ఎందుకనగా పంక్తి వేరుపడినయెడల సువార్తయే వేరుపడును.

మన ఊళ్లలో ఈ సంగతి ఇంకను కలదు. పెండ్లికి వచ్చి, చదివింపులు చదివించి, "ఇప్పుడే తిని వచ్చితిమి" అని విస్తరి ముందర కూర్చుండక తిరిగిపోవువారున్నారు. పట్టణపు హోటలులో వండినవాడెవడని వారు అడుగరు. బడులలో వండిన భోజనము పెట్టవలెనని 2001లో సుప్రీం కోర్టు ఆజ్ఞాపించెను. వంటవారిగా దళితులకు ప్రాధాన్యమియ్యవలెనని 2004లో చెప్పెను. అటుపిమ్మట కూడ, వండిన తల్లి కులము చూచి పిల్లలను తిననియ్యని సంగతులు మన దేశములో పలుచోట్ల వినబడినవి.

ఇతరులను మాత్రమే నిందించి లేచిపోవుదమా? ఒక వాడ విశ్వాసులు మరియొక వాడ విశ్వాసుల యింట నీళ్లు త్రాగని సంగతి క్రైస్తవులమైన మనలోనే లేదా? ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టె, క్రిస్మసు విందులో రెండు వరుసలు. తెరమీద వేయి ఊళ్ల వంట చూచి మెచ్చుకొని, పక్క వాడలోని సహోదరి చేతి రొట్టెను తిననివాని కన్నులు నిండును గాని హృదయము మారదు.

6. ఈ మాసము చేయవలసినవి

మొదటిది, ఇష్టమైన ఒక కార్యక్రమమును కుటుంబమంతయు కలిసి చూడుడి. అది ముగియగానే తెర ఆపివేయుడి.

రెండవది, చూచిన వంటలలో ఇంట దొరకు సరుకులతో చేయదగిన దానిని వండి, ఒక గిన్నెడు పొరుగింటికి పంపుడి.

మూడవది, ఇంతవరకు మీరు భోజనము చేయని ఒక విశ్వాసి యింటికి వెళ్లి, వారు పెట్టినది తినుడి. వారిని మీ యింటికి పిలువుడి.

నాలుగవది, సంఘపు విందునకు ప్రతి వాడనుండియు ఇద్దరిద్దరు కలిసి వండవలెను. వరుస ఒక్కటే ఉండవలెను.

పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రతీరమున ఏమి చేసెనో చూడుడి. రాత్రియంతయు ప్రయాసపడిన శిష్యులు ఒడ్డు చేరునప్పటికి నిప్పులు రాజేసి, చేపలును రొట్టెయు సిద్ధపరచియుండెను. రండి భోంచేయుడని పిలిచి, తన చేతితో వారికి వడ్డించెను. తనను ఎరుగనని బొంకిన పేతురును ఆ పంక్తిలో ఉండెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. వంటల కార్యక్రమము చూచిన తరువాత మన యింట తృప్తి హెచ్చుచున్నదా, సణుగుడు హెచ్చుచున్నదా?
2. ఐగుప్తు ఆహారమును తలంచినవారు దేనిని మరచిరి? మనము దేనిని మరచుచున్నాము?
3. పేతురునకు దర్శనము కలిగినది చర్మకారుని మిద్దెమీద అనుటలో మనకు ఏమి పాఠము కలదు?
4. మన సంఘములో నేను ఇంతవరకు ఎవరి యింట భోజనము చేయలేదు? ఏల?