వీడియో చూస్తే సైన్స్ వచ్చేస్తుందా?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు నన్ను అడిగారు: “ఫోన్ పక్కన పెట్టమని మీరే చెబుతారు, హోమ్‌వర్క్‌కి ఫోన్ ఇమ్మని మళ్లీ మీరే అంటారు. ఏది వినమంటారు మేడమ్?” న్యాయమైన ప్రశ్న. నేను చేసిన ఒక పొరపాటు చెబితే జవాబు తేలిగ్గా అర్థమవుతుంది.

విజయవాడ వెళ్లేటప్పుడు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ చిమ్నీలు మన పిల్లలందరూ చూసినవే. కరెంటు అక్కడ తయారవుతుందని ఏడో తరగతి వాళ్లు టక్కున చెప్పారు. ఎలక్ట్రిసిటీ పాఠానికి డిజిటల్ బోర్డు మీద మంచి యానిమేషన్ వీడియో వేశాను. “అర్థమైందా?” అంటే అందరూ “ఎస్ మేడమ్” అన్నారు. మర్నాడు ఒక టార్చి బల్బు, ఒక సెల్, ఒక వైరు ముక్క ఇచ్చి వెలిగించమన్నాను. చాలామంది బల్బు అడుగుని సెల్‌కి ఆనించి, వెలగడం లేదేమని నా వైపు చూశారు. కరెంటు తిరిగి వచ్చే దారి కూడా ఉండాలని వీడియోలో చూశారు. చేతితో ఆ దారి ఎప్పుడూ కట్టలేదు.

ఇది మన పిల్లల లోపమేమీ కాదు. 1997 నాటి ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’ అనే అమెరికన్ డాక్యుమెంటరీలో పేరున్న యూనివర్సిటీల గ్రాడ్యుయేట్లు కూడా ఈ బల్బు దగ్గరే తడబడ్డారు.

అప్పటి నుంచి వీడియోలు తగ్గించి సిమ్యులేషన్లు వాడుతున్నాను. వీటిలో నాకు బాగా ఉపయోగపడేది ‘ఫెట్’. నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో దీన్ని మొదలుపెట్టారు. పూర్తిగా ఉచితం. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. గూగుల్‌లో ఇంగ్లీషు అక్షరాలు పీ, హెచ్, ఈ, టీ కొడితే వస్తుంది. అందులోని ‘సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్’లో పిల్లలే వైర్లు లాగి బల్బులు కలుపుతారు. షార్ట్ సర్క్యూట్ చేస్తే స్క్రీన్ మీద బ్యాటరీ మండుతుంది. ఎవరికీ దెబ్బ తగలదు, తప్పు మాత్రం గుర్తుండిపోతుంది. 9వ తరగతి దాటిన పిల్లలకు అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ కలిసి చేసిన ‘ఓల్యాబ్స్’లో ల్యాబ్ ప్రయోగాలు ఉన్నాయి.

ఇంట్లో మీరు ఇలా చేయించండి. సైన్స్ తెలియకపోయినా పర్వాలేదు.

1. ముందు ఊహ: “రెండో బల్బు కలిపితే మొదటి దాని వెలుగు తగ్గుతుందా?” అని అడిగి, జవాబు నోట్‌బుక్‌లో రాయించండి. ఫోన్ ఆ తర్వాతే ఇవ్వండి.

2. తర్వాత స్క్రీన్: 20 నిమిషాలు చాలు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. “ఏం మార్చావు? ఏమైంది?” అని అడగండి.

3. చివరికి చేతితో: 1.5 వోల్టుల సెల్, టార్చి బల్బు, వైరుతో నిజంగా వెలిగించనివ్వండి. బల్బు లేకుండా సెల్ రెండు చివరలూ వైరుతో కలపకూడదు, వేడెక్కుతుంది. గోడ ప్లగ్గు జోలికి అసలు వెళ్లనివ్వకండి. అక్కడ 230 వోల్టులు ఉంటాయి.

ఈ నెల మీ ఇంటికి ఒక ప్రశ్న: వినాయక చవితి పందిరికి కట్టే పాత సీరియల్ సెట్‌లో ఒక్క బల్బు పోతే వరసంతా ఆరిపోతుంది. మరి హాల్లో లైటు ఆపితే వంటింట్లో లైటు ఎందుకు ఆరదు? జవాబు మీరు చెప్పకండి. రెండు రకాలుగానూ సిమ్యులేషన్‌లో కట్టి, మీ అబ్బాయినో అమ్మాయినో మీకు చూపించమనండి. పిల్లలు మనకు వివరించగలిగితే పాఠం వచ్చినట్టే.

ఇట్లు,
మీ పిల్లల సైన్స్ టీచర్,
మైలవరం