జుట్టు ఎందుకు రాలింది? మళ్ళీ ఎందుకు వచ్చింది?

కొన్నేళ్ళ క్రితం మాట. ఆరు నెలలు సెలవులో ఉండి తిరిగి బడికి వెళ్ళాను. తలకు నూలు గుడ్డ కట్టుకున్నాను. పదో తరగతిలో ఆ రోజు పాఠం కణవిభజన. నల్లబల్ల మీద కణం బొమ్మ వేస్తున్నాను. నా వెనుక తరగతి అంతా నిశ్శబ్దం. మామూలుగా నా తరగతిలో అంత నిశ్శబ్దం ఉండదు!

చివరకు ముందు వరుసలోని ఒక అమ్మాయి లేచి, "టీచర్, మీ జుట్టు మళ్ళీ వస్తుందా?" అని అడిగింది. అడుగుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ వారమే వాళ్ళ అమ్మకు కూడా రొమ్ము క్యాన్సర్ అని డాక్టరుగారు చెప్పారట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

"వస్తుందమ్మా. ఎందుకు వస్తుందో ఈ పాఠంలోనే ఉంది" అన్నాను. ఆ రోజు చెప్పిన పాఠమే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఆగడం మరచిపోయిన కణం

మన శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉన్నాయి. మీ మోకాలు గీసుకుపోయిందనుకోండి. అక్కడి చర్మకణాలు విభజన చెంది గాయాన్ని పూడుస్తాయి. పూడ్చిన తర్వాత ఏం చేస్తాయి? ఆగిపోతాయి. ఎప్పుడు విభజన చెందాలి, ఎప్పుడు ఆగాలి అనే ఆజ్ఞలు కణంలోని జన్యువుల్లో ఉంటాయి. ఆ ఆజ్ఞలు చెడిపోతే కణం ఆగడం మరచిపోతుంది. అదే క్యాన్సర్.

ఒక కణం రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఇలా 30 సార్లు రెట్టింపు చేస్తే ఎంతవుతుందో తెలుసా? 107 కోట్లు దాటుతుంది! అన్ని కణాలు కలిస్తే సుమారు ఒక సెంటీమీటరు గడ్డ. అంటే గడ్డ చేతికి తగిలేనాటికి వ్యాధి కథ చాలా దూరం నడిచి ఉంటుంది. అందుకే గడ్డ కనిపిస్తే సిగ్గుపడి దాచకూడదు. రొమ్ములో కనిపించే గడ్డల్లో ఎక్కువభాగం క్యాన్సర్ కావు. కాని అవునో కాదో చెప్పవలసింది డాక్టరు, పక్కింటివారు కాదు. అరుదుగా మగవారికి కూడా ఈ వ్యాధి వస్తుంది.

ఇది అంటువ్యాధా? కానే కాదు. మన శరీరంలోని కణమే దారి తప్పింది. అది ఇంకొకరికి గాలి ద్వారా గాని, నీటి ద్వారా గాని, ముట్టుకోవడం వల్ల గాని రాదు. నేను జబ్బుపడినప్పుడు చూడవచ్చిన చుట్టం ఒకరు మా ఇంట్లో మంచినీళ్ళు కూడా వద్దన్నారు. మందు పెట్టిన వాంతుల కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మీరు మాత్రం అలా చేయకండి.

మందు కణాన్ని ఎలా పడుతుంది?

ఈ వ్యాధికి ఆయుధాలు చాలా ఉన్నాయి. శస్త్రచికిత్స గడ్డను తీసివేస్తుంది. ఒకప్పుడు గడ్డ చిన్నదైనా రొమ్ము మొత్తం తీసివేసేవారు. 1985లో అమెరికా వైద్యుడు బెర్నార్డ్ ఫిషర్, ఆయన సహచరులు తమ పరిశోధన ఫలితాలు ప్రకటించారు. తగిన రోగులలో గడ్డను మాత్రం తీసి, ఆ చోట రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షు తగ్గదని తేలింది. ఈ రెండు చికిత్సలూ ఒకచోటనే పనిచేస్తాయి. కణాలు రక్తంలో పడి వేరేచోటికి పోయి దాక్కొని ఉంటే? అప్పుడు రక్తం వెళ్ళే ప్రతిచోటికీ వెళ్ళే మందు కావాలి. అదే కీమోథెరపీ.

ఈ మందుల కథలో మన తెలుగువాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో ఆయన నడిపిన పరిశోధక బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తర్వాత దాన్ని పోలిన మందులను కూడా తయారుచేసింది. కణం తన జన్యుపదార్థానికి నకలు తీసుకోవడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. మరి అదే పోలికలో ఉన్న వేరే పదార్థం ఇస్తే? తాళంలో దొంగ తాళంచెవి ఇరుక్కుపోయినట్లే! తలుపు తెరుచుకోదు, విభజన సాగదు. అలాంటి మందే మెథోట్రెక్సేట్. 1976లో ఇటలీ వైద్యుడు జియాన్నీ బొనడోనా, శస్త్రచికిత్స తర్వాత ఈ మందును మరి రెండు మందులతో కలిపి ఇస్తే రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని చూపించాడు. సుబ్బారావు గారు అది చూడలేదు. ఆయన 1948లోనే కన్నుమూశారు.

ఇప్పుడు ఇంకా ఎన్నో మందులు వచ్చాయి. పాక్లిటాక్సెల్ ఒక చెట్టు బెరడులో దొరికింది. దాన్ని వెలికితీసిన ఇద్దరు శాస్త్రవేత్తల్లో ఒకరైన మన్సుఖ్ వాణి మహారాష్ట్రలో పుట్టినవారు. డాక్సోరుబిసిన్ నేలలో ఉండే ఒకరకం సూక్ష్మజీవి నుంచి వచ్చింది. చూడడానికి ఎర్రగా షర్బత్తులా ఉంటుంది.

ఇక జుట్టు సంగతి. ఈ మందులు "ఇది క్యాన్సర్ కణం, ఇది మంచి కణం" అని పేరు చూసి పట్టవు. వేగంగా విభజన చెందే కణాలను పడతాయి. మన శరీరంలో అలా నిత్యం విభజన చెందే మంచి కణాలు ఎక్కడున్నాయి? వెంట్రుక కుదుళ్ళలో, నోటి లోపలి పొరలో, పేగుల్లో, ఎముకల మూలుగలో. అందుకే జుట్టు రాలుతుంది. నోరు పూస్తుంది. రక్తకణాలు తగ్గుతాయి. జుట్టు రాలిందంటే వ్యాధి ముదిరిందని కాదు, మందు తిరుగుతోందని. అలాగని జుట్టు రాలకపోతే మందు పనిచేయడం లేదనీ కాదు. కొన్ని మందులకు అసలు రాలదు.

మరి మళ్ళీ ఎలా వస్తుంది? ప్రతి కుదురులోనూ నెమ్మదిగా విశ్రాంతిలో ఉండే మూలకణాలు కొన్ని ఉంటాయి. అవి విభజనలో లేవు కనుక మందుకు చాలావరకు చిక్కవు. మందు ఆగిన తర్వాత ఒకటి రెండు నెలల్లో అవే కొత్త వెంట్రుకలను మొలిపిస్తాయి. ఆ తర్వాత నెలకు సుమారు ఒక సెంటీమీటరు.

21 రోజుల లెక్క

ఈ మందులను చాలావరకు 21 రోజులకు ఒకసారి ఇస్తారు. ఎందుకు? మొదటి కొద్దిరోజులు వికారం, నీరసం. అన్నం ఇనుము నాకినట్లుంటుంది. సుమారు 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి. శరీరానికి కాపలా తక్కువైన రోజులివి. మూడో వారానికి మూలుగ కోలుకొని కొత్త కణాలను పంపుతుంది. రక్తపరీక్ష చేసి, కణాలు చాలినన్ని ఉంటేనే తరువాతి విడత ఇస్తారు.

మా అమ్మాయి వంటింటి క్యాలెండరు మీద ఎర్ర పెన్సిలుతో ఆ మధ్య రోజులకు గీత గీసింది. 15వ రోజు నుంచి పచ్చ గీత. వాంతి చేసుకుంటూ కూర్చున్న పూట నాకు ఎవరి ఓదార్పూ పనిచేయలేదు. కాని పచ్చ గీత ఇంకెన్ని రోజుల్లో ఉందో లెక్కపెట్టుకొనేదాన్ని. అది కల్పన కాదు, మూలుగ పనిచేసే తీరు!

"గడ్డ తీసేశారు కదా, ఇంకా మందెందుకు?" అని మధ్యలో మానేసేవారున్నారు. ఒక లెక్క చేద్దాం. 100 కోట్ల కణాలున్నాయనుకోండి. ఒక్కో విడతకు నూటికి 99 చస్తాయనుకోండి. మొదటి విడత తర్వాత ఒక కోటి. అప్పటికే గడ్డ చేతికి తగలదు! రెండో విడతకు లక్ష, మూడోదానికి వెయ్యి, నాలుగోదానికి పది. మధ్యలో మిగిలినవి కొంత పెరుగుతాయి కూడా. అసలు శాతం మనిషిని బట్టి, మందును బట్టి మారుతుంది. కాని సూత్రం ఇదే. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు.

ఆశ అంటే ఏమిటి?

"ధైర్యంగా ఉండాలి, ఏడవకూడదు, మనసు బాగుంటేనే జబ్బు తగ్గుతుంది" అని అందరూ అంటారు. మంచి మనసుతోనే అంటారు. కాని ఒకరోజు ఏడిస్తే క్యాన్సర్ కణం బలపడదు. నవ్వితే చావదు. దాన్ని చంపేది మందు. మరి ఆశ ఎందుకు? తరువాతి తేదీకి మనల్ని ఆసుపత్రికి నడిపించేది అదే.

అందరికీ నయమవుతుందని నేను అబద్ధం చెప్పను. తొందరగా కనిపెడితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. వ్యాధి వేరేచోటికి పాకినవారు కూడా మందులతో ఏళ్ళ తరబడి తమ పనులు చేసుకుంటూ బతుకుతున్నారు. నేను ఇప్పటికీ రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుంటాను. కొన్ని రొమ్ము క్యాన్సర్లు ఈస్ట్రోజెన్ అనే హార్మోను అండతో పెరుగుతాయి. ఆ మాత్ర ఆ అండను తప్పిస్తుంది. ఉదయం బడికి వస్తాను, పాఠం చెబుతాను. అంతే!

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి చికిత్స జరుగుతుంటే

1. బయటినుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. మీకు జలుబు ఉంటే ఆ రోజుల్లో దూరంగా పడుకోండి.

2. శుభ్రంగా వండిన వేడి అన్నం, పప్పు, గుడ్డు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి.

3. ఇంట్లో థర్మామీటరు ఉంచండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి వెంటనే తెలపాలి. తెల్లవారేదాకా ఆగకూడదు.

4. ఆకుపసరులు, చూర్ణాలు డాక్టరుకు చెప్పకుండా ఇవ్వకండి.

5. క్యాలెండరు మీద గీతలు గీసే పని మీరు తీసుకోండి.

చేసి చూడండి

మీ బొటనవేలి గోరు మొదట్లో గోళ్ళరంగుతో చిన్న చుక్క పెట్టండి. వారానికొకసారి అది ఎంత ముందుకు జరిగిందో స్కేలుతో కొలవండి. నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు వస్తుంది. గోరు కూడా కణవిభజన వల్లనే పెరుగుతుంది. మందు పడిన ప్రతిసారీ ఆ పెరుగుదల తగ్గి, గోటి మీద అడ్డగీత పడవచ్చు.

ఆ రోజు తరగతి అయిపోయాక ఆ అమ్మాయికి నా గోళ్ళు చూపించాను. నాలుగు గీతలు ఉన్నాయి, ఒకదాని వెనుక ఒకటి. చివరి గీత వెనుక నున్నని కొత్త గోరు. ఆ అమ్మాయి స్కేలు తెచ్చి గీతల మధ్య దూరం కొలిచింది. "రెండు మిల్లీమీటర్లు టీచర్" అంది. ఇరవై ఒక్క రోజులకు రెండు మిల్లీమీటర్లు సరిపోయిందా లేదా? మీరూ లెక్క చేసి చూడండి.