పిల్లికి కోపం ఎందుకు వచ్చింది?

భద్రాచలం అడవి అంచున ఒక పల్లె. అది ఒకప్పుడు ఖమ్మం జిల్లా. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా.

ఆ పల్లెలో ఒక ఇల్లు. ఇంట్లో వడ్ల బస్తాలు ఉన్నాయి. వడ్ల కోసం ఎలుకలు వచ్చాయి. ఎలుకల కోసం పిల్లిని పెంచారు. పిల్లి చాలా సాధువు. పిల్లల ఒళ్లో పడుకునేది.

ఒకరోజు పొద్దు గూకింది. పిల్లి కిటికీలో కూర్చుంది. ఉన్నట్టుండి గట్టిగా అరిచింది. దాని వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. బొంతను చీల్చింది. పాలకుండను పడేసింది. పాప దాన్ని ఎత్తుకోబోయింది. పాప చెయ్యి కొరికింది. రక్తం కారింది.

“దీనికి గాలి సోకింది. సంచిలో వేసి వాగు అవతల వదిలేద్దాం” అన్నది మేనత్త.

“గాయానికి పసుపు అద్దండి” అన్నాడు తండ్రి.

అరుపులు విని పక్కింటి నర్సమ్మ వచ్చింది.

“పసుపు వద్దు. సున్నం, కారం కూడా వద్దు. సబ్బు పెట్టి, నీళ్లు పోస్తూ పావుగంట కడగండి. వెంటనే దవాఖానకు పోదాం” అన్నది.

“కుక్క కరిస్తే కదా సూదులు?” అన్నది తల్లి.

“పిల్లి కరిచినా రేబిస్ రావచ్చు అక్కా. ఆ జబ్బు పైకి కనపడ్డాక మనిషి బతకడం చాలా కష్టం. ముందే సూదులు వేయిస్తే ప్రాణం దక్కుతుంది.”

పాపకు సర్కారు ఆసుపత్రిలో సూదులు వేశారు. మొదటి రోజు ఒకసారి. తర్వాత 3, 7, 28 రోజులకు మళ్లీ వేశారు. వెనకటిలా బొడ్డు చుట్టూ కాదు, చేతికే వేశారు. రక్తం కారింది కాబట్టి గాయం చుట్టూ ఇంకో మందు కూడా వేశారు. డబ్బులు తీసుకోలేదు.

రేబిస్ టీకాను మొదట మనిషికి వేయించింది లూయీ పాశ్చర్. అది 1885లో, ఫ్రాన్సు దేశంలో. కుక్క కరిచిన 9 ఏళ్ల పిల్లవాడు ఆ టీకాతో బతికాడు.

మరి పిల్లి సంగతి? తండ్రి పశువుల డాక్టరును అడిగాడు.

“పిల్లిని వదిలేస్తే దానికి జబ్బు ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? గదిలో పెట్టి 10 రోజులు చూడండి. చేత్తో ముట్టుకోవద్దు. చొంగ కార్చినా, తూలినా, మింగలేకపోయినా నాకు చెప్పండి. పాప సూదులు మాత్రం ఆపొద్దు” అన్నాడు డాక్టరు.

ఆ రాత్రి కోళ్లు అరిచాయి. తండ్రి టార్చి వేసి చూశాడు. గూటి దగ్గర ఒక అడవిపిల్లి! అది పారిపోయింది.

మర్నాడు డాక్టరుకు చెప్పాడు.

“మీ పిల్లి కిటికీలోంచి దాన్నే చూసి ఉంటుంది. దాని మీదికి పోలేదు. ఆ కోపం దగ్గరున్న వాళ్ల మీద చూపింది. అప్పుడు ఎత్తుకోవద్దు. చీకటి గదిలో ఒంటరిగా వదలాలి. కొన్ని గంటలకు చల్లబడుతుంది. నొప్పి ఉన్నా, పిల్లలు పెట్టినా పిల్లి ఇట్లాగే మీద పడుతుంది. మగపిల్లి మూత్రం రాక ముక్కుతుంటే వెంటనే తీసుకురండి. ఆలస్యమైతే చస్తుంది” అన్నాడు డాక్టరు.

10 రోజులు గడిచాయి. పిల్లి బాగానే ఉంది. తండ్రి కోళ్లగూటికి గట్టి తలుపు పెట్టాడు. పిల్లికి రేబిస్ టీకా వేయించాడు. పాప మళ్లీ దగ్గరికి పోయింది. కానీ ముందు దాని చెవులు, తోక చూసింది. చెవులు వెనక్కి వాలలేదు. తోక ఉబ్బలేదు. అప్పుడే చెయ్యి చాపింది.

ఆలోచించండి – చెప్పండి
1. పిల్లి కరిచిన వెంటనే ఏం చేయాలి?
2. పిల్లిని వాగు అవతల వదిలేస్తే ఏం నష్టం జరిగేది?
3. మీ ఊరికి దగ్గరలో రేబిస్ సూదులు ఎక్కడ వేస్తారు? తెలుసుకుని రాయండి.