తుక్కులో బంగారం ఎవరికి దక్కుతుంది?

పాత ఫోన్ల బోర్డుల్ని యాసిడ్‌లో వేసి బంగారం తీసే వీడియోలు ఇంటర్ పిల్లల చేతుల్లో తెగ తిరుగుతున్నాయి. చోడవరం, వడ్డాది వైపు నుంచి చదువుల సలహాకి నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో కొందరు "సార్, ఈ-వేస్ట్ కోర్సు ఎక్కడ చెప్తారు?" అని అడుగుతున్నారు. పక్కన కూర్చున్న తండ్రి ముఖం మాడ్చుకుంటాడు. "పాత సామాన్ల బండి తోలడానికా నిన్ను చదివించింది?" అంటాడు. ఇద్దరూ పొరబడుతున్నారు. కుర్రాడి పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ దేశమంతా పాత ఎలక్ట్రానిక్స్ సేకరించింది. 62 లక్షల ఫోన్లు, దాదాపు 79 వేల టన్నుల చిన్న పరికరాలు పోగయ్యాయి. వచ్చిన బంగారం 32 కిలోలు. అదంతా ఒక్క ఫోన్లలోంచే వచ్చిందనుకున్నా ఫోనుకి 5 మిల్లీగ్రాములే. ఆ లెక్కన గ్రాము బంగారానికి 200 ఫోన్లు కావాలి. అదీ పెద్ద పెద్ద శుద్ధి కర్మాగారాలున్న దేశంలో. పెరట్లో ప్లాస్టిక్ బకెట్ పెట్టుకున్నవాడికి అందులో ఎంత మిగులుతుంది?

మిగిలేది పొగ. నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే వచ్చే గోధుమరంగు వాయువు పీల్చినప్పుడు కాస్త దగ్గే రావచ్చు. కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరొచ్చు. పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. ఆ దుమ్ము చొక్కాకి అంటుకుని ఇంటికొచ్చి, నేలమీద పాకే చంటిపిల్లల నోట్లోకి పోతుంది. వాడేసిన యాసిడ్ కాలువలో పోస్తే రేపు బోరులోకి దిగుతుంది. పైగా ఇది చట్టవిరుద్ధం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కాకుండా ఎవరూ రీసైక్లింగ్ చేయకూడదు.

ఈ మోజు చుట్టూ అప్పుడే దుకాణాలు వెలిశాయి. రెండు రోజుల శిక్షణ, వేలల్లో ఫీజు, చివర్లో రంగుల సర్టిఫికెట్. ఇంకొందరు "మెషిన్ మా దగ్గర కొనండి, తీసిన సరుకు మేమే కొంటాం" అంటారు. మెషిన్ అమ్ముడయ్యాక ఫోనెత్తరు. శిక్షణ ఇస్తామన్నవాళ్లని ఒక్కటే అడగండి: మీ యూనిట్ నమోదు నంబరు ఎంత, మేమొచ్చి అక్కడ పని చూడొచ్చా? జవాబు నీళ్లు నమిలినట్టుంటే పైసా కట్టొద్దు. పొలం తాకట్టు మాట అసలు ఎత్తనే వద్దు.

మరి ఈ రంగంలో డబ్బు ఎక్కడుంది? యాసిడ్ దాకా వెళ్లకముందే, బల్లమీద ఉంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పెట్టెలో చాలావాటికి ఆరు గొట్టం సెల్లులుంటాయి. ప్యాక్ పోయిందని పారేస్తాం కానీ, తరచూ అందులో ఒకటి రెండే చెడిపోయి ఉంటాయి. పనితెలిసినవాడు ఒక్కోదానికీ మల్టీమీటర్ పెడతాడు, చార్జి నింపి ఎంతసేపు నిలుస్తుందో కొలుస్తాడు, ఉబ్బినవీ వేడెక్కేవీ వేరే డబ్బాలో వేస్తాడు. తెలియనివాడు స్క్రూడ్రైవర్‌తో పొడుస్తాడు, మంట లేస్తుంది. ర్యామ్, స్క్రీన్, చార్జర్ కూడా అంతే. పనిచేస్తుందని పరీక్షించి తేల్చిన ర్యామ్ ముక్క లెక్కన అమ్ముడవుతుంది. అదే ర్యామ్ గోనెసంచిలో పడితే కాటాకెక్కి కిలో లెక్కన పోతుంది.

అందుకే నా ఓటు ఐటీఐ ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌కి. పది పాసైతే చాలు, రెండేళ్లు. పాలిసెట్ రాసి డిప్లొమా చేస్తే ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. బోర్డు విప్పడం కన్నా లోహం తీయడం మీద మనసున్న పిల్లలకు మెటలర్జీ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ వరంగల్ ఎన్‌ఐటీలోనూ చెబుతారు. హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ బోర్డుల్లోంచి లోహాలు రాబట్టే పద్ధతుల మీద పరిశోధన చేస్తోంది.

బీఎస్సీ కెమిస్ట్రీ చదివి పరవాడ ఫార్మా ల్యాబ్‌ల వైపు మాత్రమే చూసే పిల్లలకు కూడా ఒక మాట. కొత్త నిబంధనల్లో బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము ఎంత వెలికితీశారన్న లెక్కమీదే రీసైక్లర్లకు సర్టిఫికెట్లు వస్తాయి. వాటిని ఎలక్ట్రానిక్స్ తయారీ కంపెనీలు కొనాలి. అంటే ఏ సరుకులో ఏ లోహం ఎంతుందో కచ్చితంగా పరీక్షించి చెప్పగల మనిషి అక్కడ కావాలి.

ఇక ఆ తండ్రికి. చెరకు డబ్బులన్నీ పోగేసి, చాలక అప్పు తెచ్చి, లెక్కలంటే వణికే పిల్లాడికి మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ సీటు కొనే తల్లిదండ్రులను చూసి విసిగిపోయాను. ఇంట్లో చెడిపోయిన మిక్సీ విప్పి బాగుచేసిన కుర్రాణ్ని మెచ్చుకోకపోగా "చదువు వదిలేసి ఇదేం పని" అని తిడతారు. ప్రపంచంలో 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ తేలింది. పద్ధతి ప్రకారం రీసైక్లింగ్‌కి చేరినట్టు లెక్కలున్నది అందులో నాలుగోవంతు కూడా లేదు. ఈ పని తరగదు. చేతిలో నేర్పున్న పిల్లాడికి ఇందులో చోటుంది, వాణ్ని ఆపకండి.

మొదటి ఉద్యోగం ఒప్పుకునే ముందు మాత్రం తండ్రీకొడుకులిద్దరూ వెళ్లి యూనిట్ చూడండి. పొగ లాగే గొట్టాలు పనిచేస్తున్నాయా, పనిబట్టలు అక్కడే మార్చుకుని స్నానం చేసే వసతి ఉందా, ఏటా రక్తంలో సీసం పరీక్ష చేయిస్తారా, ఈఎస్‌ఐ కడతారా అని అడగండి. వీటిలో ఏది లేకపోయినా జీతం ఎంతిస్తామన్నా చేరొద్దు.