వ్రాయబడిన వాక్యమును, సజీవ ప్రవక్తయు

పాఠ్యభాగము: ద్వితీ. 18:20–22, అపొ. 17:10–12

మోర్మోనులు స్వలింగ వివాహమును అంగీకరింపరు. ఈ మాట వినగానే, "అట్లయిన ఈ సంగతిలో వారికిని మనకును భేదమేమున్నది?" అని తలంచు విశ్వాసులు కలరు. చేరిన స్థలము ఒకటే కావచ్చును, నడచిన త్రోవ మాత్రము వేరు. 2012లో భారతదేశమందలి వారి మొదటి మండలము హైదరాబాదులోనే ఏర్పడెను గనుక, ఆ త్రోవ ఎట్టిదో మనము తెలిసికొనుట మంచిది.

1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సమాజమునకు లేఖనములు నాలుగు: బైబిలు, మోర్మన్ గ్రంథము, సిద్ధాంతము మరియు నిబంధనలు, అమూల్యమైన ముత్యము. స్వలింగ సంపర్కమును గూర్చి సూటిగా పలుకు వచనములు లేవీయకాండములోను రోమా పత్రికలోను, అనగా బైబిలులోనే, ఉన్నవి. తక్కిన మూడు గ్రంథములలో దానిని స్పష్టముగా పేర్కొను వచనము కనబడదు.

కాబట్టి వారి బోధకు ముఖ్యాధారము సజీవ ప్రవక్త మాట. సమాజాధ్యక్షునే వారు ప్రవక్తగా ఎంచుదురు. 1995 సెప్టెంబరు 23న అధ్యక్షుడు గోర్డన్ హింక్లీ చదివిన కుటుంబ ప్రకటన, స్త్రీపురుషుల వివాహమే దేవుని నియమమని చాటెను. అది వారి లేఖనములలో చేర్చబడలేదు, అయినను వారి ప్రసంగములలో దాని బరువు తక్కువ కాదు. ఆలయములో ముద్రింపబడిన స్త్రీపురుషుల వివాహము మరణము తరువాతను నిలుచుననియు, అత్యున్నత మహిమకు అది అవసరమనియు వారి నమ్మకము. మత్తయి 22:30లో ప్రభువు చెప్పినదానితో దీనిని పోల్చి చూడుడి.

2015 నవంబరులో వారి నాయకుల చేతిపుస్తకములో ఒక నూతన నియమము చేరెను. స్వలింగ వివాహము చేసికొనిన సభ్యుడు విశ్వాసభ్రష్టుడుగా ఎంచబడును. అట్టి దంపతుల యింట పెరుగు పిల్లలకు పదునెనిమిదేండ్లు నిండువరకు బాప్తిస్మము లేదు. (మోర్మోనుల పిల్లలు సాధారణముగా ఎనిమిదవ యేటనే బాప్తిస్మము పొందుదురు.) 2016 జనవరిలో, అప్పటి అపొస్తలుల అధ్యక్షుడు రసెల్ నెల్సన్, ఇది ప్రభువు ప్రవక్తకు బయలుపరచిన చిత్తమని బోధించెను. 2019 ఏప్రిల్‌లో, ఆ నెల్సనే సమాజాధ్యక్షుడై యుండగా, నియమము తీసివేయబడెను. ఈ మార్పునకును ప్రభువు నడిపింపే కారణమని నాయకులు తెలిపిరి. స్వలింగ వివాహము ఘోర పాపమన్న బోధ మాత్రము మారలేదు.

2015లో ఎనిమిదేండ్ల బిడ్డను తలంచుకొనుడి. నీకు బాప్తిస్మము కూడదనుట దేవుని చిత్తమనిరి. పండ్రెండవ యేట, రావచ్చుననిరి. ఆ బిడ్డ ఏ వచనమును తెరచి ఈ రెంటిని పరీక్షించుకొనగలడు?

1890లో బహుభార్యాత్వము విషయములోను, 1978లో నల్లజాతి పురుషులకు యాజకత్వమిచ్చు విషయములోను మార్పు ప్రవక్త ద్వారానే వచ్చెను. అందుచేత ఈ సంగతియు ఒకనాడు మారునని వారిలో కొందరు ఎదురుచూచుచున్నారు, మారనేరదని నాయకులు చెప్పుచున్నారు. ఇరుపక్షములవారును కనిపెట్టవలసినది గ్రంథము కొరకు కాదు, ఒక మనుష్యుని నోటి కొరకే.

ప్రొటెస్టంటు సంఘములును ఈ విషయములో ఏకాభిప్రాయముతో లేవు. అయినను వాదించువారు వాదించునది అందరి చేతులలోను ఉన్న ఒకే గ్రంథమును గూర్చియే. అయితే మనము మోర్మోనులను చూచి తల పంకించుటకు ముందు మన కూటములను చూడవలెను. వేదికమీద ఒకడు "ప్రభువు నాతో చెప్పెను" అనగానే ఎందరి బైబిళ్లు మూతపడుచున్నవి! బెరయ పట్టణస్థులు పౌలు బోధను సహితము లేఖనములతో పోల్చి చూచిరి. పౌలు వారిమీద కోపపడినట్లు ఎక్కడను వ్రాయబడలేదు.