జిప్పు చప్పుడుకి తోక ఊపాలి!

మీ కుక్కపిల్లకి చప్పుళ్లు బాగా తెలుసు. బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు తెలుసు. మీ కారు హారన్ తెలుసు. మరి పెట్ క్యారియర్ జిప్పు లాగితే ఏం చేస్తోంది? సోఫా కిందికి దూరుతోందా? తోక ఊపుకుంటూ వస్తోందా?

మీ విమాన ప్రయాణం ఎలా సాగుతుందో ఆ ఒక్క చప్పుడుతోనే తేలిపోతుంది.

సోఫా కిందికి దూరుతోందా? ఏం కంగారు లేదు. మార్చేద్దాం. నాలుగు వారాల టైమ్ ఇవ్వండి. రోజుకి పది నిమిషాలు చాలు.

మొదటిసారి మా లడ్డూని డాలస్ నుంచి న్యూజెర్సీలో మా అక్కావాళ్లింటికి తీసుకెళ్లాను. మూడు కిలోల పొమేరియన్. ప్రయాణం రెండు రోజులుందనగా బ్యాగు కొన్నాను. ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో మొట్టమొదటిసారి అందులో పెట్టి జిప్పు వేశాను. ఫ్లైట్ దిగేదాకా మెష్‌ని గోకుతూనే ఉంది. ఇంటికెళ్లి చూస్తే ముక్కు మీద చర్మం గీరుకుపోయి ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోసారి కూడా అదే బ్యాగు, అదే లడ్డూ. టేకాఫ్‌కి ముందే నిద్రపోయింది. ఆ రెండు ప్రయాణాల మధ్య నేను చేసిన ప్రాక్టీసే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ముందు మీ మైండ్‌సెట్

"పాపం, కుక్కని బ్యాగులో కుక్కి తీసుకెళ్తారా?" అని చుట్టాలు అంటారు. ఆ మాట మీ మనసులో కూడా ఉంటే ముందు దాన్ని తీసేయండి. ఇంట్లో మీ కుక్క ఎక్కడ పడుకుంటుందో గమనించండి. మంచం కింద. డైనింగ్ టేబుల్ కింద. మూల చూసుకుని ముడుచుకుంటుంది. ఇరుకు చోటంటే దానికి భయం లేదు. తెలియని చోట ఉన్నట్టుండి బంధిస్తేనే భయం.

అసలు ఈ మెత్తటి బ్యాగు వెనక ఒక మనిషి పట్టుదల ఉంది. గేల్ మార్ట్జ్ అమెరికాలో టీడబ్ల్యూఏ విమానాల్లో ఫ్లైట్ అటెండెంట్‌గా పనిచేసేది. తన లాసా ఆప్సో కుక్కని వెంట తీసుకెళ్లాలనుకుంది. దాని పేరు షెర్పా. 1980ల చివర్లో పక్కలు మెత్తగా ఉండే బ్యాగు తనే డిజైన్ చేసింది. ఎయిర్‌లైన్స్‌ని ఒప్పించింది. ఆ కుక్క పేరే బ్రాండ్ పేరయింది. ఒక ఉద్యోగిని పెద్ద పెద్ద కంపెనీల రూల్సే మార్పించగలిగింది. మీరు మీ ఇంట్లో ఒక అలవాటు మార్చలేరా? తప్పకుండా మార్చగలరు.

కొనే ముందు టేపు తీయండి

ఫొటో చూసి కొనకండి. కొలిచి కొనండి. మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా పొడవు. నేల నుంచి తల దాకా ఎత్తు. కుక్క లోపల నిలబడాలి, వెనక్కి తిరగాలి, హాయిగా పడుకోవాలి. ఈ మూడూ చేయలేకపోతే ఆ బ్యాగు మీది కాదు.

అమెరికాలో పెద్ద ఎయిర్‌లైన్స్ చాలావరకు సాఫ్ట్ బ్యాగుకి 18 అంగుళాల పొడవు, 11 వెడల్పు, 11 ఎత్తు దగ్గర్లో చెబుతాయి. విమానాన్ని బట్టి, సీటుని బట్టి ఇది మారుతుంది. గట్టి ప్లాస్టిక్ పెట్టె ఒక్క అంగుళం ఎక్కువైనా సీటు కిందికి పోదు. మెత్తటి బ్యాగు పైన కాస్త అణిగి సర్దుకుంటుంది. బరువు కూడా తక్కువ.

ఇంకో మాట. అడుగు మాత్రం మెత్తగా ఉండకూడదు. చేత్తో ఎత్తినప్పుడు మధ్యలో ఊయలలా కిందికి దిగిపోతే కుక్కకి కాలు నిలవదు. అడుగున గట్టి బోర్డు, కనీసం రెండు మూడు వైపుల మెష్, లోపల చిన్న పట్టీ ఉండాలి. ఆ పట్టీని కాలర్‌కి తగిలించొద్దు, హార్నెస్‌కి తగిలించండి.

టికెట్ కొనే ముందు ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఒక్కో ఫ్లైట్‌లో కేబిన్‌లోకి ఇన్ని పెట్స్ అని లెక్క ఉంటుంది. అమెరికా డొమెస్టిక్‌లో ఫీజు సాధారణంగా ఒక వైపుకి 100 నుంచి 150 డాలర్లు. చాలాచోట్ల ఈ బ్యాగునే మీ క్యారీ ఆన్‌గా లెక్కేస్తారు. ఎగ్జిట్ రో, ముందు గోడకి ఆనుకున్న సీట్లు అడగకండి. అక్కడ పెట్ బ్యాగు పెట్టనివ్వరు.

నాలుగు వారాల ప్లాన్

మొదటి వారం: బ్యాగుని ఫర్నిచర్ చేయండి. అన్ని జిప్పులూ తెరిచి హాల్లో పెట్టండి. లోపల మీరు వేసుకుని విప్పిన టీషర్ట్ పరవండి. ఉతకొద్దు. మీ వాసనే దానికి ధైర్యం. దానికిష్టమైనవి లోపల వేస్తూ ఉండండి. తోయొద్దు, పిలవొద్దు. దానంతట అదే వెళ్లాలి.

రెండో వారం: జిప్పు. అసలు పని ఇక్కడే ఉంది, ఇక్కడే అందరూ తొందరపడతారు. కుక్క లోపల ఉన్నప్పుడు జిప్పుని ఒక్క అంగుళం లాగండి. చప్పుడు రాగానే గోరంత ఉడికించిన చికెన్ ముక్క. మళ్లీ అంగుళం. మళ్లీ ముక్క. ఆ రోజుకి అంతే, తెరిచేయండి. మర్నాడు సగం దాకా. ఆ తర్వాత పూర్తిగా మూసి, మూడు లెక్కపెట్టి, తెరిచేయండి. తర్వాత పది. తర్వాత ఒక నిమిషం. దాని మొహం చూస్తూ చేయండి. చెవులు వెనక్కి వాలుతున్నాయా? మూతి పదే పదే నాక్కుంటోందా? నిద్ర వేళ కాకపోయినా ఆవలిస్తోందా? అది భయపడుతోంది. మీరు స్పీడ్ పెంచేశారు. ఒక మెట్టు దిగండి. దిగడం ఓటమి కాదు, ట్రైనింగ్‌లో భాగమే.

ఏడెనిమిది రోజులకి మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. నేను సూట్‌కేసు జిప్పు లాగుతున్నాను. పక్క గదిలోంచి లడ్డూ పరుగెత్తుకుంటూ వచ్చి క్యారియర్‌లో కూర్చుని నా చేతి వంక చూసింది. జిప్పంటే చికెన్!

మూడో వారం: బ్యాగుని ఎత్తి ఇంట్లో నడవండి. తర్వాత మెట్లు, లిఫ్టు, కారు. చివర్లో ఎప్పుడూ వెట్ దగ్గరికే తీసుకెళ్లకండి. పార్కుకి వెళ్లండి.

నాలుగో వారం: ఇల్లే విమానం. డైనింగ్ కుర్చీ కింద బ్యాగు, మీ కాళ్లు రెండు వైపులా. ఫోన్‌లో విమానం ఇంజిన్ సౌండ్ సన్నగా పెట్టి ఒక సినిమా చూసేయండి.

ప్రయాణం రోజు

టిఫిన్ లాంటి తేలిక భోజనం కొన్ని గంటల ముందే పెట్టేయండి. బయల్దేరే ముందు బాగా నడిపించండి. బ్యాగు అడుగున పీ ప్యాడ్. చేతి సంచిలో ఇంకో రెండు. వ్యాక్సిన్ కాగితాలు ఒక ఫోల్డర్‌లో.

అమెరికా సెక్యూరిటీలో కుక్కని బయటికి తీయాలి. ఖాళీ బ్యాగు మాత్రమే ఎక్స్‌రేలోకి వెళ్తుంది. కుక్కని ఎప్పుడూ ఎక్స్‌రే బెల్టు మీద పెట్టకూడదు. దాన్ని ఎత్తుకునో నడిపించో మీరు డిటెక్టర్ దాటాలి. మీది బెదిరి పారిపోయే రకమైతే విడిగా గదిలో చెక్ చేయమని అడగండి. మొహమాటం వద్దు. అది మీ హక్కు.

మొహమాటం గురించి మనవాళ్లకి గట్టిగా చెప్పాలి. 2018 మార్చిలో హ్యూస్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లే విమానంలో సిబ్బంది ఒకరు పట్టుబట్టి, క్యారియర్‌ని పై బిన్‌లో పెట్టించారు. అందులో ఉన్న పది నెలల ఫ్రెంచ్ బుల్‌డాగ్ పిల్ల దిగేసరికి చనిపోయింది. ఎవరు చెప్పినా సరే, ప్రాణమున్న బ్యాగు పైకి ఎక్కకూడదు. ఒక వాక్యం ఇంట్లోనే పైకి అని ప్రాక్టీస్ చేయండి: "సారీ, మై డాగ్ స్టేస్ అండర్ ద సీట్." గొంతు పెంచక్కర్లేదు. మాట తగ్గించక్కర్లేదు.

నిద్ర మాత్ర వేసేద్దాం అని కూడా కొందరు సలహా ఇస్తారు. వేయకండి. మత్తు మందులు విమాన ప్రయాణంలో ఊపిరి, గుండె మీద ప్రభావం చూపించొచ్చని అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ హెచ్చరిస్తోంది. పగ్, షీట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకి రిస్క్ ఇంకా ఎక్కువ. వాటితో వెళ్లే ముందు వెట్‌తో మాట్లాడటం తప్పనిసరి.

హైదరాబాద్, విశాఖ మిత్రులకి

ఇండియాలో కూడా దారులు తెరుచుకున్నాయి. ఆకాసా ఎయిర్ 2022 నవంబరు నుంచి చిన్న పెట్స్‌ని కేబిన్‌లోకి తీసుకుంటోంది. ఎయిర్ ఇండియా కూడా తీసుకుంటుంది. అక్కడ బరువు లెక్క కుక్కకీ బ్యాగుకీ కలిపి చూస్తారు. ఎన్ని కిలోల దాకా అన్నది బుకింగ్ రోజున వాళ్లనే అడగండి. అమెరికా ప్రయాణాల కోసం సూట్‌కేసు 23 కిలోలు దాటిందా అని వేలాడదీసి తూచే చిన్న మెషీన్ మన ఇళ్లల్లో ఉంటుందిగా? కుక్కని లోపల పెట్టి బ్యాగుని దానికే తగిలించి తూచేయండి. వెట్ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మర్చిపోవద్దు.

ఇండియా నుంచి అమెరికాకి తీసుకెళ్లాలంటే మాత్రం నాలుగు వారాలు చాలవు. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ రూల్స్ గట్టివయ్యాయి. కుక్కకి కనీసం ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, సీడీసీ ఫారం నింపాలి. రేబిస్ రిస్క్ ఎక్కువున్న దేశాల లిస్టులో ఇండియా ఉంది కాబట్టి అదనపు కాగితాలు కూడా కావాలి. నెలల ముందే మొదలుపెట్టండి.

టికెట్ ఎప్పుడు బుక్ చేస్తారో మీ ఇష్టం. బ్యాగు మాత్రం ఈ రాత్రే అటక మీంచి దించండి. జిప్పులన్నీ తెరిచి హాల్లో పెట్టి, ఈ రోజు మీరు వేసుకున్న టీషర్ట్ అందులో పరవండి.